మూడు వ్రేళ్ళ బ్రౌన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండియానా అను రాష్ట్రము కలదు. దాని పడమటి భాగమున నేలపై మొక్కజొన్న చేలును, నేలక్రింద బొగ్గు గనులును విరివిగా నుండెడివి. అచటి నైస్‌విల్ అను చిన్న పల్లెలో 1876వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన మోర్డెకై బ్రౌన్ జన్మించెను. ఆ యేడు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు నూఱేండ్లు నిండినవి. కావున తల్లిదండ్రులు కుమారుని పేరులో శతవార్షికోత్సవమును సూచించు 'సెంటెనియల్' అను పదమును గూడ చేర్చిరి. కాని లోకము ఆతనిని ఆ పేరుతో ఎఱుగదు. క్రీడాలోకమున ఆతడు 'మూడు వ్రేళ్ళ బ్రౌన్' అను పేరుననే ప్రసిద్ధుడయ్యెను. బంతి విసరుటయే వృత్తిగా గలవానికి చేతివ్రేళ్ళే పెట్టుబడి. ఆ పెట్టుబడిలో చాలభాగమును పసితనముననే పోగొట్టుకొనిన బాలుడు, తన దేశమున బంతి విసరువారిలో మేటి యెట్లయ్యెనో తెలిసికొనదగినది.

బ్రౌన్ చిన్ననాడు ఒక బంధువు పొలమున ఆడుకొనుచుండెడివాడు. అచట పశువుల మేతను ముక్కలు చేయు యంత్ర మొకటి యుండెను. మన పల్లెలలో రైతులు చొప్పను కత్తితో నఱకుదురు. అక్కడ ఆ పనిని గిఱ్ఱున తిరుగు పదునైన కత్తులు చేయుచుండెను. పిల్లల కుతూహలమునకు హద్దులుండవు కదా! ఒకనాడు బ్రౌన్ కుడిచేయి ఆ కత్తుల నడుమ చిక్కుకొనెను. చూపుడువ్రేలు చాలవఱకు తెగిపోయెను. తక్కిన వ్రేళ్ళకును గాయములయ్యెను. వైద్యుడు చేతికి కట్టు కట్టెను. ఆ గాయము లింకను మానకమునుపే బాలుడు ఆటలో క్రిందపడి ఆ చేతినే గట్టిగా తాకించుకొనెను. వ్రేళ్ళ యెముకలు మఱల విఱిగినవి, సరిగా అతుకుకొనలేదు. నడిమివ్రేలు వంకరపోయెను. చిటికెనవ్రేలు పట్టు తప్పెను. చూపుడువ్రేలున్న చోట ఒక మొండి మాత్రము మిగిలెను. లెక్కకు తెగినది ఒక్క వ్రేలేయైనను, పనికివచ్చునవి మూడే యని కాబోలు, పెద్దవాడైన పిమ్మట జనులు ఆతనికి 'మూడు వ్రేళ్ళ' వాడని పేరు పెట్టిరి.

ఆ చేతితో ఆతడు నేర్చిన విద్య యెంత కష్టమైనదో గ్రహించుటకు బేస్‌బాల్ ఆటను గూర్చి కొంత తెలియవలెను. మనవారికి క్రికెట్ ఎట్లో అమెరికనులకు బేస్‌బాల్ అట్లు. ఒక్కొక్క జట్టున తొమ్మిదిమంది ఆటగాండ్రుందురు. ఆట తొమ్మిది వంతులుగా సాగును. ఒక్కొక్క వంతునకు 'ఇన్నింగు' అని పేరు. బంతి విసరువానిని 'పిచ్చరు' అందురు. ఆతడు మైదానము నడుమ కొంచెము ఎత్తుగా పోసిన మట్టిదిబ్బపై నిలుచును. ఆతనికి 60 అడుగుల 6 అంగుళముల దూరమున, నేలలో పాతిన పలక చెంత, ప్రత్యర్థి బ్యాటు పట్టి నిలుచును. క్రికెట్ ఆటలో బంతి వేయువాడు దూరమునుండి పరుగెత్తి వచ్చును. ఆతని బంతి సాధారణముగా నేలను తాకి లేచును. పిచ్చరునకు పరుగు లేదు. మోచేయి వంచి చాచుటకు అడ్డు లేదు. ఆతడు ఒక్క యడుగు ముందునకు వేసి, ఆ యడుగులోనే ఒడలి బలమంతయు బంతికి అందింపవలెను. ఆ బంతి నేలను తాకకయే ప్రత్యర్థిని చేరును.

బంతి చుట్టుకొలత 9 అంగుళములకు పైన, 9¼ అంగుళములకు లోపల నుండును. దాని బరువు 5 ఔన్సులకు మించి 5¼ ఔన్సులకు లోబడి యుండును. చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని బంతిపై నుంచి, బొటనవ్రేలిని క్రింద ఊతగా నిలిపి పట్టుట సామాన్యరీతి. బ్రౌనునకు పైనుంచవలసిన ఆ రెండు వ్రేళ్ళలో ఒకటి లేదు, రెండవది వంకర. అట్టివాడు పిచ్చరు కాగలడని యెవ రూహింతురు?

బ్రౌన్ చిన్నతనమున ఆతని మొదటి పాఠశాల పొలములోని కొట్టపు గోడ. ఆ గోడ చెక్కలతో కట్టినది. చెక్కలలోని ముడులు ఊడిపోయి అచ్చటచ్చట చిన్న రంధ్రము లేర్పడి యుండెను. బ్రౌన్ దూరముగా నిలిచి ఆ రంధ్రములకు గుఱిపెట్టి రాళ్ళు విసరుచుండెడివాడు. మన పొలములలో మంచెనెక్కి వడిసెలతో పిట్టలను తోలు కుఱ్ఱవానికి గుఱి యెట్లు కుదురును? ఒక్కొక్క రాయి తప్పినపుడు, ఎంత తప్పినది, ఏ వైపునకు తప్పినది అని చూచుకొనుటవలననే కదా! బ్రౌన్ సాధనయు అట్టిదే. తోడి బాలురు రాతిని పట్టునట్లు ఆతడు పట్టలేడు. కావున ఇతరుల పట్టును అనుకరించుట ఆతనికి కుదరలేదు. తన చేతికి ఏది సాధ్యమో తానే వెదకికొనవలసి వచ్చెను. ఈ వెదకులాట ఆతనికి క్రమముగా రెండు లాభములు చేకూర్చెను. మొదటిది గుఱి. రెండవది, వంకరవ్రేలిని ఒరసికొని విడివడుటచే బంతికి కలుగు వింత తిరుగుడు.

యుక్తవయస్సు రాగానే బ్రౌన్ బొగ్గుగనులలో పనికి చేరెను. పిమ్మట ఆతనికి 'మైనర్', అనగా గనికార్మికుడు, అను మాఱుపేరు గూడ వచ్చుటకు ఇదియే కారణము. గనిపని కఠినమైనది. చీకటిలో, దుమ్ములో, ఒడలు వంచి పనిచేయవలెను. ఆ ప్రాంతపు గనికార్మికులు తీరిక దొరకినపుడు బేస్‌బాల్ ఆడుచుండెడివారు. కాక్స్‌విల్ అను గనుల ఊరి జట్టులో బ్రౌనును చేర్చుకొనిరి. కాని పిచ్చరుగా గాదు. ఆతడు 'మూడవ బేసు' అను స్థానమును కాచు ఆటగాడు. 1898వ సంవత్సరమున ఒకనాడు ఆ జట్టు పిచ్చరునకు ఆడుటకు వీలుపడలేదు. వేఱు గతి లేక బ్రౌనును దిబ్బపై నిలిపిరి. ఆతడు విసరిన బంతులు చక్కగా వచ్చుచున్నట్లే కనబడి, బ్యాటు చెంతకు చేరునప్పటికి క్రిందికి వంగి పోవుచుండెను. ఎదుటివారు వట్టి గాలిని కొట్టిరి. అవిటితన మనుకొన్న చేతిలో ఇంత విద్య దాగియున్నదని జనులు ఆనాడు కనుగొనిరి.

బంతిని విసరుట చేతిపని యని సామాన్యముగా అనుకొందురు. నిజమునకు అది పాదములనుండి పుట్టు పని. బండివాడు చర్నాకోలను విసరునపుడు పిడి కొంచెమే కదలును. ఆ కదలిక త్రాటివెంట సాగి, కొనకు చేరునప్పటికి మిక్కిలి వేగమును పొందును. పిచ్చరు దేహముగూడ అట్లే పనిచేయును. కుడిచేతి పిచ్చరు మొదట కుడికాలిపై బరువు మోపి యెడమకాలి నెత్తును. ఆ కాలిని గుఱివైపునకు చాచి నేలపై గట్టిగా నిలుపును. అప్పుడు మొదట కటిభాగము గుఱివైపునకు తిరుగును. దానివెంట ఱొమ్ము తిరుగును. పిమ్మట భుజమును, భుజమువెంట మోచేయియు, దాని పిమ్మట ముంజేయియు, తుదకు మణికట్టును వ్రేళ్ళును కదలును. ఒక్కొక్క అవయవము తనకు వెనుకటి అవయవమునుండి వేగమును గైకొని, తన బలమును చేర్చి, ముందటిదాని కందించును. ఒకని చేతినుండి మఱొకని చేతికి ఇటుకలు అందించుకొను కూలివారి వరుసవలె ఈ పని వరుస తప్పక జరుగవలెను.

ఈ వరుస తప్పినచో కీడు కలుగును. కాళ్ళును నడుమును తమ పని చేయక మునుపే భుజము ముందునకు దూకినయెడల, కావలసిన వేగమంతయు చేయి యొక్కటియే సమకూర్పవలసి వచ్చును. మోచేయి భుజముకంటె మిక్కిలి క్రిందికి జారినను ఇట్లే బాధ కలుగును. అప్పుడు భుజపు కీలునకును, మోచేతి లోపలివైపున రెండెముకలను కలిపి పట్టియుంచు స్నాయువునకును శ్రమ మిక్కుటమగును. బంతి చేతిని వీడిన పిమ్మటగూడ పని ముగియదు. అంత వేగముగా వచ్చిన చేతిని ఒక్కసారి ఆపరాదు. నడుము వంచి, చేతిని ఎడమ మోకాలి వైపునకు సాగనీయవలెను. అట్లు చేసినచో వేగమును అణచు భారము వీపునకును కాళ్ళకును గూడ పంచబడును. కావున చక్కగా విసరగోరువాడు ముందుగా కాళ్ళను, నడుమును బలపఱచుకొనవలెను. తక్కువ దూరమున మెల్లగా విసరుచు వరుసను నేర్చి, ఆ వరుస స్థిరపడిన పిమ్మటనే వేగమును పెంచవలెను.

ఈ మార్గమున వ్రేళ్ళది తుదిస్థానము. వేగము దేహమంతటినుండి వచ్చినను, బంతిని చివరగా తాకునవి వ్రేళ్ళే. అది యే దిక్కునకు పోవలెనో, ఏ రీతిగా తిరుగవలెనో నిర్ణయించునవి అవియే. సామాన్య పిచ్చరు వేగముగా విసరిన బంతి వ్రేళ్ళకొనలనుండి విడివడునపుడు వెనుకకు తిరుగుచు పోవును. బ్రౌన్ చేతిలోని మొండియు, వంకర నడిమివ్రేలును ఆతని బంతికి ముందునకు తిరుగు గుణమును కలిగించెను. తిరుగుచు పోవు బంతి తన చుట్టునున్న గాలిని ఒక ప్రక్కకు త్రోయును. గాలి బంతిని అందుకు ఎదురు ప్రక్కకు త్రోయును. ఈ విషయమును జర్మను శాస్త్రజ్ఞుడగు గుస్తావ్ మాగ్నస్ 1852లో ప్రయోగములచే వివరించెను. ముందునకు తిరుగు బంతి గాలిని పైకి త్రోయును. కావున తాను క్రిందికి వంగును. భూమ్యాకర్షణముచే దిగవలసినదానికంటె ఎక్కువగా దిగును. బ్యాటు పట్టినవాడు ఎప్పటియలవాటున ఊహించిన చోట బంతి యుండదు. తగిలినను బ్యాటు బంతి పైభాగమునకు తగిలి, బంతి నేలవెంట దొర్లిపోవును.

వ్రేలు పోవుటవలననే నీకింత మేలు కలిగినదా యని పలువురు బ్రౌనును ప్రశ్నించుచుండెడివారు. పూర్ణమైన చేతితో తానెన్నడును విసరి యెఱుగడు గనుక దానికి తాను జవాబు చెప్పజాలనని ఆతడు తెలిపెను. ఈ జవాబులో వినయము కలదు, వివేకమును కలదు. అదే యంత్రమున అదేవిధముగా గాయపడినవాడు సాధన లేకున్నచో వట్టి వికలాంగుడుగానే మిగిలిపోయెడివాడు.

1901లో బ్రౌన్ టెర్ర హాట్ నగరపు జట్టులో జీతమునకు చేరెను. మఱుసటి యేడు ఒమాహా నగరపు జట్టున ఆడెను. 1903లో దేశములోని పెద్ద జట్లలో నొకటియగు సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టున ప్రవేశించెను. ఆ యేడు ఆ జట్టు తన లీగులో అట్టడుగున నిలిచెను. బ్రౌన్ 9 ఆటలు గెలిచి 13 ఆటలు ఓడెను. అప్పటికి ఆతని వయస్సు ఇరువదియేడేండ్లకు సమీపించెను. జట్టు యజమానులు ఆతనియందు నమ్మకము లేక ఆ యేడు డిసెంబరున ఆతనిని షికాగో కబ్స్ జట్టునకు ఇచ్చివేసి, మాఱుగా పేరుపడిన మఱొక పిచ్చరును తీసికొనిరి. ఇచ్చినవారికి ఆ బేరము తరువాత నష్టముగా తోచియుండును.

షికాగోలో బ్రౌన్ విద్య పూర్తిగా వికసించెను. 1906లో ఆ జట్టు 116 ఆటలు గెలిచి 36 మాత్రమే ఓడెను. ఆ యేడు బ్రౌన్ 26 ఆటలు గెలిచి 6 ఓడెను. ఆతని తప్పునకు లెక్కించు పరుగులు తొమ్మిది ఇన్నింగులకు సగటున 1.04 మాత్రమే. 20వ శతాబ్దమున నేషనల్ లీగు అను ఆ పెద్ద కూటమిలో ఏ పిచ్చరును ఒక యేట ఇంతకు తక్కువ సాధింపలేదు.

కాని ఆ యేడే ఆతనికి గట్టి దెబ్బ తగిలెను. రెండు పెద్ద లీగులలో గెలిచిన జట్లు సంవత్సరాంతమున 'వరల్డ్ సిరీస్' అను పోటీలో తలపడును. 1906లో ఆ రెండు జట్లును షికాగోవే. కబ్స్ జట్టు సులభముగా గెలుచునని యెల్లరును తలచిరి. అక్టోబరు 9న బ్రౌన్ విసరిన మొదటి ఆటలో ఆతని జట్టు 1-2 పరుగులతో ఓడెను. 12వ తేదీన నాలుగవ ఆటలో ఆతడు ప్రత్యర్థులకు ఒక్క పరుగైనను ఇయ్యక 1-0తో గెలిపించెను. ఒక్క దినము మాత్రమే విశ్రాంతి యిచ్చి 14వ తేదీన ఆతనిని మఱల దిబ్బపై నిలిపిరి. ఆనాడు ఆతని బంతులలో పూర్వపు పట్టు కనబడలేదు. రెండవ ఇన్నింగు ముగియకమునుపే ఆతనిని ఆటనుండి తప్పింపవలసి వచ్చెను. 3-8తో ఆటయు, దానితో సిరీసును పోయినవి. గొప్ప నేర్పరి చేయియైనను మాంసముతోను నరములతోను చేసినదే. దానికి విశ్రాంతి యనునది ఔషధము.

1907లో కబ్స్ జట్టు డెట్రాయిట్ జట్టును జయించి వరల్డ్ సిరీసును గెలిచెను. చివరి ఆటను బ్రౌన్ 2-0తో ముగించెను. ముందటి యేటి పరాభవము అట్లు తీఱెను.

ఆతని జీవితమున మఱపురాని దినము 1908 అక్టోబరు 8. ఆ యేడు షికాగో, న్యూయార్కు జట్లు సమానముగా నిలిచి పోరాడుచుండెను. సెప్టెంబరు 23న న్యూయార్కులో జరిగిన ఆటలో, తమ జట్టు గెలిచినదని తలచిన ఫ్రెడ్ మెర్కిల్ అను యువకుడు రెండవ బేసును తాకకయే మైదానము వీడెను. అందుచే ఆ చివరి పరుగు చెల్లలేదు. ఆ ఆట 1-1తో సమముగా ముగిసినట్లు నిర్ణయింపబడెను. సంవత్సరాంతమున రెండు జట్ల గెలుపోటములును సమానముగా నుండుటచే ఆ ఆటను మఱల ఆడవలసి వచ్చెను. న్యూయార్కు ప్రజల కోపమునకు మేరలేదు. ఈ ఆటలో బంతి విసరినచో ప్రాణము దక్కదని తనకు బెదరింపు జాబులు వచ్చినట్లు బ్రౌన్ తరువాత తెలిపెను.

న్యూయార్కు పక్షమున నాడు బంతి విసరువాడు క్రిస్టీ మాథ్యూసన్. విద్యయందును, నడవడియందును, ఆటయందును ఆతని కీర్తి దేశమెల్ల వ్యాపించియుండెను. షికాగో నాయకుడగు ఫ్రాంక్ ఛాన్స్ మొదట జాక్ ఫీస్టర్ అను పిచ్చరును నిలిపెను. మైదానము జనముతో క్రిక్కిఱిసి యుండెను. మొదటి ఇన్నింగులోనే ఫీస్టర్ గుఱి తప్పెను. న్యూయార్కు జట్టునకు ఒక పరుగు వచ్చెను. ఇంకను ఇద్దఱు బేసులపై నిలిచియుండిరి. ఛాన్స్ వెంటనే బ్రౌనును పిలిచెను. గడచిన వారములలో పలుమాఱులు విసరి అలసిన చేతితో ఆతడు జనసందోహము నడుమనుండి దిబ్బపైకి నడచివచ్చెను. ఎదుట నిలిచినవానిని బ్యాటు బంతికి తగులనీయక ఔటు చేసి ఆ గండమును దాటించెను.

మూడవ ఇన్నింగున షికాగోవారు మాథ్యూసన్ బంతులను కొట్టి నాలుగు పరుగులు సాధించిరి. ఏడవ ఇన్నింగున న్యూయార్కువారు ఒక్కరైనను ఔటు కాకయే మూడు బేసులను ఆక్రమించిరి. జనుల కేకలు మిన్నుముట్టినవి. బ్రౌన్ తొందరపడలేదు. ఒక్కొక్క బంతిని కొట్టపుగోడ రంధ్రమునకు గుఱిపెట్టిన నాటివలె నిదానముగా విసరెను. ఆ ఇన్నింగున న్యూయార్కువారికి ఒక్క పరుగు మాత్రమే లభించెను. ఆట 4-2తో ముగిసెను. ఆగ్రహించిన జనులు షికాగో ఆటగాండ్రపై పడిరి, కొందఱు గాయపడిరి. పోలీసుల రక్షణలో వారు బయటపడిరి. తరువాత జరిగిన వరల్డ్ సిరీసునందును బ్రౌన్ రెండు ఆటలు గెలిచెను. కబ్స్ జట్టు మఱల డెట్రాయిట్‌ను ఓడించెను. ఆ పిమ్మట ఆ జట్టు మఱియొక వరల్డ్ సిరీసు గెలుచుటకు 108 ఏండ్లు పట్టెను. అది 2016లో జరిగెను.

1906 మొదలు 1911 వఱకు వరుసగా ఆఱేండ్లు బ్రౌన్ ప్రతియేట 20కి తక్కువ కాకుండ ఆటలు గెలిచెను. తాను మొదలుపెట్టిన ఆటలే గాక, ఇతరులు మొదలుపెట్టి తడబడిన ఆటలను గూడ చక్కబెట్టుటకు ఆతనిని తఱుచుగా పిలుచుచుండిరి. ఆతని ప్రత్యర్థియగు మాథ్యూసన్ చేతిని కాపాడుకొను విషయమున మిక్కిలి జాగరూకుడు. ఆతడు 'ఫేడవే' అను నొక బంతి విసరుటలో ప్రసిద్ధుడు. దానికి చేతిని సహజమైన దిక్కునకు విరుద్ధముగా మెలిపెట్టవలెను. అది చేతికి మిక్కిలి శ్రమ కలిగించునని యెఱిగి, ఆతడు దానిని ఒక ఆటలో కొద్దిమాఱులే వాడుచుండెను. కష్టసమయమునకై బలమును దాచుకొనవలెనని ఆతని మతము. ఈ యిద్దఱును ఒకరికొకరు పోటీయైనను, నేర్పు బలమునకు మార్గము చూపవలెనను విషయమున ఇద్దఱి జీవితములును ఒకే పాఠమును తెలుపును.

ఆ కాలమున చేయి చెడిన పిచ్చరునకు వైద్యము లేకుండెను. మోచేతి స్నాయువు తెగినచో ఆటతో సంబంధము తెగినట్లే. 1974లో ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు టామీ జాన్ అను పిచ్చరునకు, దేహములో మఱొకచోటినుండి తీసిన కండరపు నరమును మోచేత అమర్చి శస్త్రచికిత్స చేసెను. టామీ జాన్ మఱల చాలకాల మాడెను. ఐనను చికిత్సకంటె నివారణము మేలు. బాలుర జట్లకై ఏర్పడిన 'లిటిల్ లీగ్' సంస్థ 2007 నుండి, ఏ వయస్సు బాలుడు ఒక దినమున ఎన్ని బంతులు విసరవచ్చునో, ఎన్ని బంతులకు ఎన్నినాళ్ళ విశ్రాంతి కావలెనో నియమము లేర్పఱచెను. ఎదుగుచున్న యెముకలు గలవారు చేతిలో నొప్పి కలిగినపుడు దానిని దాచి విసరుట వీరత్వము గాదు, అవివేకము.

కాలము ఎవ్వరిని విడుచును? 1912లో బ్రౌన్ మోకాలికి గాయమయ్యెను. కాళ్ళనుండి పుట్టు బలము తగ్గగా చేతి నేర్పు ఒంటరిదయ్యెను. కబ్స్ జట్టు ఆతనిని విడిచిపెట్టెను. ఆతడు వేఱు జట్లలో కొన్నియేండ్లు ఆడి 1916లో తిరిగి కబ్స్ చెంతకే వచ్చెను. ఆ యేడు సెప్టెంబరు 4న షికాగోలో బ్రౌన్, మాథ్యూసన్ కడపటిసారి ఎదురుబొదురుగా నిలిచిరి. ఇద్దఱి చేతులును అప్పటికి అలసియుండెను. బ్యాటు పట్టినవారు ఇద్దఱి బంతులను విరివిగా కొట్టిరి. మాథ్యూసన్ జట్టు 10-8తో గెలిచెను. పెద్ద లీగులలో ఆ యిద్దఱికిని అదియే చివరి ఆట. బ్రౌన్ అప్పటికి 239 ఆటలు గెలిచి 130 ఓడియుండెను.

పిమ్మట కొన్నియేండ్లు చిన్న జట్లలో ఆడి, బ్రౌన్ తాను మొదట జీతమునకు ఆడిన టెర్ర హాట్ నగరమున స్థిరపడెను. అచట పెట్రోలు బంకు నడపుచు నిరాడంబరముగా జీవించెను. పూర్వపు ఆటగాండ్రును, ఆట యభిమానులును అక్కడకు వచ్చి ముచ్చటించుచుండిరి. 1948వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన, తన 71వ యేట ఆతడు కన్నుమూసెను. మఱుసటి యేడు న్యూయార్కు రాష్ట్రములోని కూపర్స్‌టౌన్‌లో నున్న బేస్‌బాల్ ఘనుల మందిరమున ఆతని పేరు చేర్పబడెను. ఆ గౌరవమును కండ్లార చూచు భాగ్యము ఆతనికి లేకపోయెను. ఆతడు పుట్టిన పల్లె చెంత ఒక స్మారక శిలయు వెలసెను.

అభ్యాసము కూసువిద్య యని మనవారు చెప్పుదురు. అభ్యాస మనగా ఒకే పనిని మఱలమఱల చేయుట మాత్రమే కాదు. ఎక్కడ తప్పినదో గుర్తించి, తన శక్తికి తగినట్లు దిద్దుకొనుట. ఇతరుల చేతులను చూచి కుందియున్నచో బ్రౌన్ గనిలోనే మిగిలిపోయెడివాడు. ఆతడు తనకున్న వ్రేళ్ళతో ఏమి చేయవచ్చునో కొట్టపుగోడ చెంత ప్రతిదినమును పరీక్షించి తెలిసికొనెను. కాళ్ళును, నడుమును, భుజమును, మణికట్టును ఒక్క వరుసలో నడచిన పిమ్మట, తుదను నిలిచిన ఆ వంకరవ్రేలు తన పనిని నెఱవేర్చెను.